సాంచెకు ఆనించిన చెంప

వ్యానులో ఉన్నవాళ్ళు: నడుపుతున్న మామ, అతని పక్కన బాపు (మా నాన్న), వెనక సీట్లో అవ్వ (మా అమ్మ), నేను, మా ఇద్దరి మధ్య అన్న. ఉన్నవి: మామ చెన్నూరు చుట్టుపక్కల సంతల్లో అమ్మే ప్లాస్టిక్ బిందెలు ఒక గుట్ట, నీళ్ళ సీసా, అరడజను అరటిపళ్ళు, అన్నను ఇంటి నుంచి పంపించడానికి అవ్వ సర్దిన నీలం సంచి, అన్న ఎడమ దవడకు ఆనించి పట్టుకున్న నా ఫోను.

ఫోను మోగుతోంది. శబ్దం ఆపేశాను, వణుకు మాత్రమే ఉంది. చేస్తున్నది బాపు. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న నా ఫోనుకు ముందు సీట్లోంచి రింగిస్తున్నాడు. అది ఆగగానే మళ్ళీ రింగిస్తున్నాడు.

"బావా, ఆగింది, ఆగింది! చెయ్యి!" అని మామ అద్దంలో చూస్తూ అరిచాడు.

"చేస్తున్నగదరా! నువ్వు రోడ్డు సూడు."

"నా కొడుక్కు ఫోన్లు చెయ్యవట్టి నీకు ఇన్నేండ్లకు నంబరు నోటికొచ్చింది," అంది అవ్వ.

అవ్వ రెండు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి పెద్ద మాట అది. మామ నవ్వాడు. బాపు నవ్వలేదు కానీ అతని మెడ వెనక భాగం నవ్వింది. అన్న కళ్ళు మూసుకుని, ఫోనును దవడ ఎముకకు ఇంకొంచెం గట్టిగా అదుముకున్నాడు. చెయ్యి ఖాళీ లేదు కాబట్టి తనను తాను కొట్టుకోవడం లేదు. సుల్తానాబాద్ దాటి కరీంనగర్ రోడ్డెక్కాం. గుంత వచ్చినప్పుడల్లా వెనక బిందెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని పెళ్ళి బ్యాండులా మోగుతున్నాయి.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో వరుసగా చెబుతాను. నాది లిఫ్టులు బాగుచేసే పని, డిప్లొమా చదువు. వరుస తప్పితే నాకు ఊపిరాడదు.

మొదటిది ఇల్లు. మాది రెండు సాంచెల ఇల్లు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము. బాపు నేస్తాడు, అవ్వ కండెలు చుడుతుంది. సాంచె చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి, అందుకే మా ఇంట్లో రహస్యాలు లేవు.

రెండోది అన్న. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆటిజం. మాట్లాడడు. కావలసినదాని దగ్గరికి మన చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. వద్దనుకున్నది నీళ్ళ గోళెంలో వేస్తాడు. చిన్నప్పుడు కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద అరచెయ్యి పెట్టి, తీసి, దాన్ని కాసేపు చూసుకుని, ఏమీ జరగనట్టు బయటికి వెళ్ళిపోయాడు. ఏడవలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట స్థిరపడింది: "వానికి నొప్పి తెల్వది." చుట్టాలకు అదే చెప్పేవాళ్ళం. ఒకరకంగా గొప్పగా కూడా చెప్పేవాళ్ళం.

మూడోది కొట్టుకోవడం. ఈ ఎండాకాలంలో మొదలైంది. ఎడమ చెవి కింద, దవడ మూల మీద, పిడికిలితో. అది మొదలైన రోజుల్లోనే అన్న ఇంకో పని పట్టాడు. నడుస్తున్న సాంచె పక్కకు పోయి, దాని చట్రానికి ఎడమ చెంప ఆనించి నిలబడేవాడు. సాంచె నడుస్తున్నంతసేపూ కొట్టుకునేవాడు కాదు. సాంచె ఆగిందంటే దెబ్బలు మొదలు.

దీన్ని చూసి నేతపనివాళ్ళ ఇల్లు ఏమనుకుంటుంది? మేమూ అదే అనుకున్నాం. పోరనికి సాంచె మీద పాణం. సాంచె ఆగితే కోపమొస్తుంది. కాబట్టి సాంచె ఆగొద్దు.

ఆపలేదు. బాపు అన్నం తినేటప్పుడు అవ్వ నడిపేది, అవ్వ తినేటప్పుడు బాపు. ఆదివారం కూడా నడిపాం. పండుగ పూట కూడా నడిపాం. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "ఏందొదినె, పండుగ పూట గూడ సాంచె బంద్ వెట్టరా? గింత ఆశ ఉంటదా మనిషికి?" అంది.

"ఆశ గాదే, పోరని కోసం!"

"పోరని కోసమే గదా ఎవ్వలు సంపాయించినా!"

అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోతే సాంచె దానంతటదే ఆగేటట్టు ఒక తీగ ఉంటుంది. ఒక ఆదివారం నేను ఆ తీగను కట్టేశాను, నూలు ఉన్నా లేకున్నా నడవాలని. నడిచింది. సాయంత్రం బాపు బట్ట విప్పి చూస్తే నిలువు పోగులున్నాయి, అడ్డపోగులు లేవు. ఆ జాలీని పైకెత్తి, అందులోంచి నన్ను చూస్తూ, "ఇది బట్టనా, వలనా? గోదావరికి పోయి చేపలు వడుదామా కొడుకా?" అన్నాడు.

తర్వాత నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. సాంచె చప్పుడును ఫోనులో రికార్డు చేసి, చిన్న స్పీకరు కొని, అన్న పక్కన పెట్టి మోగించాను. కరెంటు ఖర్చు లేదు, వల బాధ లేదు. అన్న స్పీకరును చేతిలోకి తీసుకున్నాడు. చెవికి పెట్టుకోలేదు. చెంపకు పెట్టుకున్నాడు. కాసేపు ఆగి, దాన్ని తీసుకుపోయి గోళెంలో వేశాడు. చెవికి కాక చెంపకు ఎందుకు పెట్టుకున్నాడో ఆ రోజు ఎవరమూ అడగలేదు. స్పీకరు పోయిందన్న బాధలో ఉన్నాం.

నాలుగోది భయం. దెబ్బలు దవడ నుంచి కణతకు పాకాయి. ఎడమ కన్ను ఎర్రబడింది. ఇట్లాగే కొట్టుకుంటే చూపు పోవచ్చని ఒక డాక్టరు చెప్పాడు. ఇంకో డాక్టరు, ఈ పిల్లల్లో ఇది మామూలేనని చెప్పి నిద్రమాత్రలు పెంచాడు. అన్న నిలబడే నిద్రపోసాగాడు. మెలకువ రాగానే కొట్టుకునేవాడు. చివరికి నిర్మల్ దాటాక ఒక ఆశ్రమం ఉందని ఎవరో చెబితే బాపు ఫోను చేశాడు. తీసుకుంటామన్నారు. రాత్రిళ్ళు చేతులు మంచానికి కట్టి పడుకోబెడతామనీ, కొన్నాళ్ళకు అలవాటైపోతుందనీ అన్నారు. బాపు ఫోను పెట్టేసి, "కన్నన్న మిగుల్తది," అన్నాడు. అవ్వ లేచి సంచి సర్దింది. ఆ తర్వాత కండెలు చుడుతూ కూర్చుంది, ఎవరితోనూ మాట్లాడలేదు.

సోమవారం ప్రయాణం. తీసుకుపోవడానికి అవ్వ తమ్ముడు, అంటే మా మామ, శనివారం పొద్దున్నే వ్యాను తీసుకొచ్చాడు. వచ్చీ రాగానే, మర్చిపోతారేమోనని సంచి తీసుకుపోయి వ్యానులో పెట్టాడు. అందరం చాయ్ తాగుతున్నాం. సాంచె మీది భీము, అంటే నిలువు పోగులు చుట్టిన దుంగ, అయిపోయింది. రెండో సాంచె ముందే పాడై ఉంది. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. మామ, "అబ్బ, ఎంత శాంతంగున్నది!" అన్నాడు. మేం ముగ్గురం అతన్ని పిచ్చివాడిని చూసినట్టు చూశాం.

అన్న మొదలుపెట్టాడు.

నేను ముందునుంచి పోయి రెండు చేతులూ పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య జానెడు దూరం కూడా లేదు. అప్పుడు నా చొక్కా జేబులో ఫోను వణికింది. అన్న తల వంచి ఎడమ దవడను నా జేబు మీద పెట్టి నొక్కాడు. చేతులు మెత్తబడ్డాయి. ఫోను ఆగింది. చేతులు బిగుసుకున్నాయి. మళ్ళీ వణికింది. మెత్తబడ్డాయి.

అన్న చెయ్యి విడిపించుకుని, జేబులోంచి ఫోను తీసి, దవడ మూలకు, చెవి కిందికి సరిగ్గా పెట్టుకున్నాడు. అది ఆగిపోయాక నా చెయ్యి పట్టుకుని ఫోను మీద పెట్టాడు. కావలసిన దానికి అన్న మా చేతులు ఎప్పుడూ అలాగే పట్టుకుపోతాడు. అన్నం కావాలంటే గిన్నె మీద, బయటికి పోవాలంటే గొళ్ళెం మీద. ఈసారి తన దవడ మీద.

"ఎవలురా చేసింది?" అంది అవ్వ.

"మా సూపర్వైజరు."

"మల్ల చెయ్యమను!"

బాపు ఫోనులోంచి ఆయనకు చేశాను. "సార్, మీరు నాకు చేస్తనే ఉండాలె. నేను ఎత్త."

"ఎత్తకపోతే నేనెందుకు చెయ్యాలయ్యా? తాగినవా పొద్దుగాల్నే?"

"తాగలే సార్. మా అన్న దవడకు కావాలె."

ఆయన ఫోను పెట్టేశాడు. తర్వాత ఆరుసార్లు చేశాడు. ఆ ఉపకారం నేను మరిచిపోను. ఆ తర్వాత బాపు అందుకున్నాడు.

నేను గోడకు ఆనుకుని, లిఫ్టు ఆగిపోయినప్పుడు ఆలోచించినట్టు ఆలోచించాను. స్పీకరులో చప్పుడుంది, చెప్పుకోదగ్గ వణుకు లేదు. పని చెయ్యలేదు. శబ్దం తీసేసిన ఫోనులో వణుకు మాత్రమే ఉంది. పని చేసింది. సాంచెలో రెండూ ఉన్నాయి. అంటే ఇన్నాళ్ళూ అన్నకు కావలసింది చప్పుడు కాదు, వణుకు. అది కూడా ఒంటికంతా కాదు, ఒక్క చోటే. మోచెయ్యి తలుపుకు తగిలితే మనం అక్కడే గట్టిగా రుద్దుకుంటాం. అన్న సాంచెతో రుద్దుకుంటున్నాడు. సాంచె లేకపోతే పిడికిలితో.

"అవ్వా, పన్నేమో," అన్నాను.

అవ్వ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఉంది. "వానికి నొప్పి..." అని మొదలుపెట్టి ఆగింది. ఇంట్లో అందరం కొన్నేళ్ళుగా చెప్పిన వాక్యం అది. ఈసారి చివరి మాట రాలేదు.

"మరి నోట్లె ఎవ్వలు సూడలేదా?" అన్నాడు మామ.

ఎవరూ చూడలేదు. అన్న నోరు అన్న సొంతం. పళ్ళు తనే తోముకుంటాడు, వేరేవాళ్ళు వేలు పెట్టబోతే వేలు మీద ఆశ వదులుకోవాలి. పెద్దాసుపత్రిలో కూడా తల ఫోటో తీయాలన్నారు, రక్తం తీశారు, నోరు తెరవనందుకు నోటిని వదిలేశారు.

"లెవ్వండ్రి," అన్నాడు బాపు. చెప్పుల్లేకుండా వ్యానెక్కాడు. కరీంనగర్ చేరేదాకా ఆ సంగతి ఆయనకు తెలియదు.

అలా ఆ వ్యానులో ఉన్నాం. నీలం సంచి కూడా ఉంది, దించాలని ఎవరికీ తోచలేదు. వణుకు ఆగకుండా నడిపే యాప్‌లు ఉంటాయని, బాపును అంత తిప్పలు పెట్టాల్సింది కాదని నాకు మర్నాడు గుర్తొచ్చింది. దాన్నిప్పటిదాకా బాపుకు చెప్పలేదు.

కరీంనగర్‌లో పళ్ళ డాక్టరమ్మ ఉండేది మూడో అంతస్తులో. కిందికి చేరేసరికి నా ఫోను చచ్చిపోయింది. అన్న దాన్ని దవడకు పెట్టి చూసి, నా చేతిలో పెట్టి, పిడికిలి ఎత్తాడు. అవ్వ అడ్డం చెయ్యి పెట్టింది, దెబ్బ అవ్వ చేతికి తగిలింది. అట్లాగే అందరం లిఫ్టులోకి తోసుకుపోయాం.

ఆ లిఫ్టు మా కంపెనీది కాదు. అది కదలగానే నాకు అర్థమైంది, పక్క పట్టాలను పట్టుకుని జారే బుష్షులు అరిగిపోయాయి. డబ్బా మొత్తం గజగజ వణుకుతోంది. మామూలు రోజైతే ఎవరినైనా తిట్టేవాణ్ణి. అన్న తలెత్తాడు. ఉక్కు గోడ వైపు తిరిగాడు. ఎడమ దవడను గోడకు ఆనించాడు. ముఖం మీద ఒక్కొక్క కండరం వదులైంది.

మూడో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. మేం దిగాం. అన్న దిగలేదు.

"రా బిడ్డా."

రాలేదు. లిఫ్టు ఆగింది కాబట్టి పిడికిలి లేచింది. నేను లోపలికి దూకి కింది అంతస్తు బటను నొక్కాను. కిందికి పోయాం. పైకి వచ్చాం. తలుపు తెరుచుకుంటే అవ్వ, మామ, చెప్పుల్లేని బాపు వరుసగా నిలబడి ఉన్నారు. మళ్ళీ కిందికి. మళ్ళీ పైకి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మామ, "ఏమన్నా దిగుతడా?" అంటాడు, నేను, "లేదు మామా," అంటాను, తలుపు మూసుకుంటుంది. ఒకసారి తెరుచుకునేసరికి మామ పడీ పడీ నవ్వుతున్నాడు, బాపు కళ్ళు తుడుచుకుంటున్నాడు, అది నవ్వో ఏడుపో తలుపు మూసుకునేలోపు తేల్చుకోలేకపోయాను.

ఈలోగా అవ్వ లోపలికి పోయి డాక్టరమ్మకు చెప్పింది. ఏం చెప్పిందో తెలియదు. తర్వాతిసారి తలుపు తెరుచుకుంటే డాక్టరమ్మ నిలబడి ఉంది, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతులకు తొడుగులు, నుదుటి మీద లైటు.

"పేషెంటు ఈయనేనా?"

"అవునమ్మా. దిగుతలేడు," అంది అవ్వ.

"దిగకపోతే నేను ఎక్కుత," అని ఎక్కింది. అవ్వ కూడా ఎక్కింది. "ఎంత మెల్లగ పోతే అంత మంచిది," అంది డాక్టరమ్మ నాతో.

"దీన్కి ఒక్కటే స్పీడు మేడం. కానీ అంతస్తు అంతస్తుకు ఆపకుంట తిప్పగల్త."

"తిప్పు."

తిప్పాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా లిఫ్టు నడిపిన రోజు లేదు. డాక్టరమ్మ అన్నను ముట్టుకోలేదు. నోరు తెరవమని అడగలేదు. అతని పక్కనే తనూ గోడకు చెంప ఆనించి నిలబడింది, ముక్కుకు ముక్కు ఎదురుగా. అన్న ఆమెను చూశాడు. లిఫ్టు పైకి పోతోంది. హాయికో, వణుకుకో, అన్న కింది దవడ దానంతటదే జారి, నోరు సగం తెరుచుకుంది. డాక్టరమ్మ తల కొంచెం వంచి లైటు వేసింది.

"ఆఁ," అంది. అన్న కాదు, ఆమే అంది.

లిఫ్టు మూడో అంతస్తుకు చేరేలోపు మాకు విషయం తెలిసింది. కింద, ఎడమ వైపు, చిట్టచివరి పన్ను. జ్ఞానదంతం. సగమే బయటికి వచ్చింది, అడ్డంగా, పక్క పన్నును తోస్తూ. దానికో గుంత. చుట్టూ చిగుళ్ళు వాచి, చీము.

"గిన్ని రోజులు ఎట్ల ఓర్చుకున్నడమ్మా?"

"మేం వానికి నొప్పి తెల్వదనుకున్నం," అంది అవ్వ.

"తెల్వకపోతే సరిగ్గ గాడనే ఎందుకు కొట్టుకుంటడు? వేలు పెట్టి చూపెట్టినట్టే గదా."

అవ్వ ఒక్క క్షణం అన్న వైపు చూసింది. తర్వాత నవ్వింది. ఏడవాల్సిన చోట నవ్వు వచ్చినట్టుంది, ఆపుకోలేకపోయింది. డాక్టరమ్మకు అంటుకుంది. నాకు అంటుకుంది. తలుపు తెరుచుకునేసరికి బయట ఉన్నవాళ్ళకు లిఫ్టు నిండా నవ్వే కనిపించింది, మధ్యలో గోడకు చెంప పెట్టుకుని అన్న, మాతో సంబంధం లేనట్టు.

"ఏమైందే?" అన్నాడు బాపు.

"పన్నట!" అంది అవ్వ. "నీ కొడుక్కి పన్ను నొప్పట!"

బాపు లిఫ్టు గడప దగ్గరే నేల మీద కూర్చున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, "నా చెప్పులేవి?" అని.

పన్ను అప్పుడే తీయలేదు. ముందు వాపు తగ్గాలని మాత్రలు రాసింది. మెలకువలో తీయనివ్వడు కాబట్టి ఆసుపత్రిలో పూర్తిగా మత్తిచ్చి తీద్దామంది. అరటిపండులో నూరి కలిపి మొదటి మోతాదు వ్యానులోనే పెట్టాం. ఇంటికి వచ్చే దారంతా మామ పాటలు పాడాడు, బిందెలు వాయించాయి.

ఆదివారం పొద్దున సాంచె మీద కొత్త భీము ఎక్కించాం, అన్న వచ్చి చెంప ఆనించాడు. మధ్యాహ్నానికి ఆనించి, తీసి, ఆనించి, తీశాడు. మాత్రలు పని చేస్తున్నట్టున్నాయి. నాలుగింటికి కరెంటు పోయింది.

సాంచె ఆగింది. అందరం ఉన్నచోటే బిగుసుకుపోయాం. అవ్వ చేతిలో నూలు ఆగింది. మామ గాలి పీల్చి లోపలే పెట్టుకున్నాడు. అన్న గది మధ్యలో నిలబడి ఉన్నాడు, చెయ్యి లేచింది. లేచి, చంకలో గోక్కుంది. తర్వాత గిన్నెలోంచి అరటిపండు తీసుకుని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

మామ గాలి వదిలాడు. "అక్కా, కరెంటు వచ్చినా సాంచె వెయ్యకుండ్రి జర. ఈ చప్పుడు లేకుంట మీ ఇల్లెట్లుంటదో సూస్త."

కరెంటు వచ్చింది. వెయ్యలేదు. ఎలా ఉంటుందో అందరం కూర్చుని విన్నాం. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "ఏమైందొదినె? ఎవలికన్న బాగలేదా?" అని కంగారుపడింది.

"బాగైందే!" అని అవ్వ అరిచింది. అరవాల్సిన అవసరం లేదు, అలవాటు.

బాపు ఆశ్రమానికి ఫోను చేశాడు. "మావోడు రాడు సార్. ఎందుకంటే ఏం లేదు సార్, పన్ను." అవతలివాళ్ళు ఏమో అన్నారు. "ఔ సార్, పన్నే," అని పెట్టేశాడు. మామ వ్యానులోంచి నీలం సంచి తెచ్చాడు. అవ్వ అందులోంచి అన్న చొక్కాలు తీసి దండెం మీద ఒక్కొక్కటే వేసింది, ఉతకాల్సిన పని లేకున్నా.

అన్న ఇప్పటికీ అప్పుడప్పుడు కొట్టుకుంటాడు. సంబరమెక్కువైనా, మనుషులెక్కువైనా. పూర్తిగా పోయిందని చెప్పను. కాకపోతే ఇప్పుడు మేం సాంచె వైపు పరుగెత్తం. ముందు ఎక్కడ కొట్టుకుంటున్నాడో చూస్తాం: చెవా, కడుపా, నోరా. మొన్న మోకాలు కొట్టుకుంటే చూశాం, ముల్లు. బాపు తీసి, దాన్ని ఊరంతా చూపించి వచ్చాడు.

కన్ను బాగుంది. పన్ను ఆసుపత్రిలో తీశారు, డాక్టరమ్మ దాన్ని చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఇంటికి రాగానే అన్న డబ్బా మూత తీసి, చూసి, గోళెంలో వేశాడు. వారం తర్వాత వేయించిన మక్కగింజలు ఎడమ వైపు పెట్టుకుని పటపటలాడించాడు. ఆ చప్పుడు రెండు గదుల్లోనూ వినబడింది.

ఇప్పుడు అన్న నోట్లో ఉన్న పళ్ళు ముప్పై ఒకటి.